డెపోనెంట్ అన్న మాట మీద నా సంతకం

పోయిన నెలలో ఒక పొద్దున, నేను ఇంకా చాయ్ తాగుతుండగానే, నల్లకోటు మడిచి చేతి మీద వేసుకున్న ఒక అమ్మాయి మా మెట్లెక్కి వచ్చింది. పటాన్‌చెరులో హైవే పక్కన టైర్ల షాపు మీద రెండు గదుల పోర్షన్ నాది, కిరాయికి. నన్ను చూడటానికి ఎవరూ రారు. రమ్మని నేనూ ఎవరినీ అనలేదు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన ఒంటరి ఆడమనిషిని ఒకసారి పలకరించి పోదామనే దయ కొందరికి పుడుతుంది. అలాంటి దయను నేను తలుపు దగ్గరే ఆపేస్తాను. ఈ అమ్మాయి దయతో రాలేదు. ముఖం చూస్తేనే తెలిసింది. "కూసోవచ్చా మేడం?" అని అడిగి, నేను జవాబిచ్చేలోపే కూర్చుంది. "నా పేరు స్వరూప. సంగారెడ్డి కోర్టుల ప్రాక్టీసు చేస్తున్న. పోచయ్య మనుమరాలిని."

"ఏ పోచయ్య?" అన్నాను. తెలిసే అడిగాను.

"ఊడుగు చెలక పోచయ్య."

ఆ కుటుంబంలో మా ఇంటివాళ్ళ ఎదుట కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి ఆమె. అది నేను గమనించాను. నేను గమనించానని ఆమె గమనించి, వీపు ఇంకాస్త నిటారుగా పెట్టుకుంది. మేడం అన్న పిలుపు నాకు నచ్చదు. బ్యాంకులో టోకెను ఇచ్చేవాడూ అదే అంటాడు, గ్యాసు బండ తెచ్చేవాడూ అదే అంటాడు. ఆమె తాత నన్ను చిన్న దొరసాని అనేవాడు. అది కావాలని నేను అనటం లేదు. మేడం మాత్రం వద్దు.

వచ్చిన పని ఆమె నాన్చకుండా చెప్పింది. పాశమైలారం పక్కన మా ఊరి ఊడుగు చెలక అనే మెట్టభూమి ఫ్యాక్టరీ గోడ లోపలికి పోగా, గోడ బయట ఒక మూల మిగిలిపోయింది. ఆ మూలలో రేకులు వేసుకుని పోచయ్య కుటుంబం ఇన్నేళ్ళుగా ఉంటోంది. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఇల్లు ఎప్పటినుంచి ఉందో, ఏ హక్కుతో ఉందో రుజువు చూపమని నోటీసు వచ్చింది. "మా తాత ఆ చెలక కౌలుకు దున్నిండని పట్టాదారు రాసిస్తే మాకు వేరే జాగ ఇస్తరు. లేకుంటే మేం కబ్జా చేసినోళ్ళ కింద లెక్క. బుల్డోజర్ వస్తది. తాత లేడు, నాయనమ్మ ఇంక ఆ ఇంట్లనే ఉంది." పట్టాదారుని నేను. ఆ చెలక నా పేరున ఉండేది.

ఆమె ఇంగ్లీషులో టైపు చేయించిన అఫిడవిట్ తెచ్చింది. చదివాను. చాలా మర్యాదగా రాసింది. 'నాకు గుర్తున్నంతవరకు', 'బహుశా', 'నాటి పరిస్థితులలో' వంటి మాటలతో, నా మీద ఏ మాటా పడకుండా మెత్తటి గుడ్డ చుట్టినట్టు రాసింది. చివర, కుడివైపు, సంతకం పెట్టే చోటు కింద, పెద్ద అక్షరాలతో డెపోనెంట్ అని ఉంది. ఆ మాట మీద వేలు పెట్టాను.

"ఈ మాటకు అర్థం తెలుసా నీకు?" అన్నాను.

"సైన్ చేసేవాళ్ళు."

"అంతేనా?"

"ఇంకేముంటది మేడం?"

ఇంకేముంటుందో చెప్పాను. అది లాటిన్ మాట, డేపోనెన్స్. కింద పెట్టడం అనే క్రియ నుంచి వచ్చింది. పని చేస్తున్న మనిషిని ఆ పనితోనే పిలిచే రూపం. డేపోనెన్స్, డేపోనెంటిస్, డేపోనెంటెమ్ అని రూపాలు మారతాయి. తన మాటను నలుగురి ముందు కింద పెడుతున్న మనిషి అని అర్థం. పెట్టినవాడు కాదు, పెడుతున్నవాడు. క్లాసులో చెప్పినట్టే చెప్పాను. ఆ అమ్మాయి అడ్డు రాకుండా చివరిదాకా విని, ఫైలు మీద చేతులు పెట్టుకుని అడిగింది: "మీకు గింత తెలిసి గూడ అప్పుడు సైన్ పెట్టిన్రా?"

కాగితాలు అక్కడ పెట్టి పొమ్మన్నాను. ఆమె పోయింది. ఆమె అడిగినదానికి జవాబు ఇది. క్షమాపణ కోసం రాయటం లేదు. నాకు క్షమించేవాళ్ళంటే మొదటినుంచీ గిట్టదు.

మా ఇల్లు గడీ. ఎత్తు గోడలు, రెండు దర్వాజాలు. ముందు దర్వాజా మాకు, మా సాటి బంధువులకు, అప్పుడప్పుడు వచ్చే అధికారులకు. వెనక దర్వాజా మిగతా ఊరికి. పొద్దున్నే వెనక దర్వాజా దగ్గర మా నాయనమ్మ సల్ల పోసేది, అంటే మజ్జిగ. ఎత్తు పీట మీద కూర్చుని, కుండలో ఇత్తడి గ్లాసు ముంచి, వచ్చినవాళ్ళ గిన్నెల్లోకి పైనుంచి ధార కట్టి పోసేది; గ్లాసు గిన్నెకు తగలకూడదు. ఒక్క చుక్క కింద పడేది కాదు. ఆ నేర్పు చూసి నేను చిన్నప్పుడు మురిసిపోయేదాన్ని. సల్ల పులుపు, పక్కన కొట్టంలో తడిసిన కుడితి వాసన, పొయ్యి మీద జొన్నరొట్టె మాడిన వాసన, బాపు గదిలోంచి వచ్చే ముక్కుపొడి ఘాటు: ఇవన్నీ కలిస్తే మా ఇంటి పొద్దు. ఇప్పుడు కిటికీ తీస్తే రబ్బరు కాలిన వాసన, గాలి పడమరనుంచి తిరిగితే మందుల ఫ్యాక్టరీల వాసన, కుళ్ళిన క్యాబేజీ మీద స్పిరిటు పోసినట్టు. ఆ వాసనను తిట్టే హక్కు ఈ బెల్టులో అందరికీ ఉంది, నాకు తప్ప. ఆ నేల మీద ఎవరి సంతకం ఉందో నాకు తెలుసు.

బాపు మాట తక్కువ మనిషి. కోపం వస్తే గొంతు ఇంకా తగ్గించేవాడు. భూమి ఎక్కువున్నవాళ్ళ దగ్గర సర్కారు తీసుకుంటుందని తెలిసిన కాలంలో, ఆయన కూడా అందరిలాగే పొలాలను ఇంట్లోవాళ్ళ పేర్లకు మార్చాడు. చిన్నమ్మకు ఒకటి, చనిపోయిన పెదనాయన పేరుకు ఒకటి, నాకు ఊడుగు చెలక. నాలుగెకరాలు. మధ్యలో ఊడుగు చెట్టు, దాని కింద పెద్ద బండ. ఆ చెలకను పోచయ్య కౌలుకు చేసేవాడు. పదహారేళ్ళు చేశాడు. జొన్న, కంది, గట్టు పక్కన అనుములు. పంటలో మా భాగం బండి మీద వచ్చేది, అనుములు మాత్రం శివమ్మ, అంటే పోచయ్య భార్య, గంపలో నెత్తిన పెట్టుకుని తెచ్చేది. నాకు పచ్చి అనుములు ఇష్టమని వేరే మూట కట్టేది. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

నా డిగ్రీ అయిన ఏడు, పాశమైలారం చుట్టుపక్కల భూములు ఫ్యాక్టరీలకు తీసుకుంటారన్న కబురు వచ్చింది. భూమి పోయిన పట్టాదారుకు ఒక జాగా, ఫ్యాక్టరీలో ఒక కొలువు ఇస్తారనీ, కౌలుదారు ఉంటే అవి అతనికి పోతాయనీ చెప్పుకున్నారు. బాపుకు అప్పటికే కళ్ళలో శుక్లాలు. కాగితాలు నేనే చదివిపెట్టేదాన్ని, సంగారెడ్డిలో వకీలు దగ్గరికి నేనే తీసుకుపోయేదాన్ని. గడీ ఆడపిల్ల ఒంటరిగా బస్సెక్కకూడదు. అందుకని ఫైలు సంచీ పట్టుకుని పోచయ్య వచ్చేవాడు. మగమనిషితో ఒక్కతినే పోకూడదు కనుక శివమ్మ కూడా వచ్చేది. బస్సులో నేను కిటికీ పక్కన కూర్చుంటే, పక్క సీటు ఖాళీగా ఉన్నా వాళ్ళిద్దరూ నిలబడే ఉండేవాళ్ళు. ఆ సంచీలో ఏముందో పోచయ్యకు తెలియదు. మా కాగితం తడవకూడదని వానలో తన గొంగడి తీసి దానికి చుట్టినవాడు అతను.

వకీలు నరహరిరావు. మంచివాడని సంగారెడ్డిలో ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. నేను చెప్పను. సన్నటి మనిషి, ఎండాకాలంలోనూ మెడకు మఫ్లరు. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో ఎవరో పాదిరీ దగ్గర లాటిన్ నేర్చుకున్నాడట. దాన్ని ఎవరికి చెప్పుకోవాలో తెలియక ముప్పై ఏళ్ళు లోపలే దాచుకున్నవాడికి నేను దొరికాను. గుమాస్తా టైపు కొట్టేదాకా నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, పాత కోర్టు కాగితాల వెనక వైపు రాసి చూపేవాడు. "అమ్మాయీ, గీ కోర్టు మాటల తోకలు సూడు. రెస్పాండెంట్, డెపోనెంట్, ఏజెంట్. అందరి తోక ఒకటే. మనం చెప్పేవాడు, దున్నేవాడు అంటం కదా, క్రియ మీద ఒక వాణ్ని తెచ్చి కూసోబెడ్తం. లాటిన్‌ల వాడు గీడు అక్కర్లేదు. పనే లేచి నిలబడి మనిషైతది."

నాకు ఆ మాట నచ్చింది. నచ్చిందని ఒప్పుకోవడానికి ఇప్పటికీ కోపంగానే ఉంది. ఆయన ఒక్కొక్క మాటా విప్పి చూపేవాడు. లేస్తున్నది ఒరియెన్స్, అంటే తూర్పు. పాకుతున్నది సెర్పెన్స్, అంటే పాము. మాట్లాడనిది ఇన్‌ఫాన్స్, అంటే పసిబిడ్డ. "వాళ్ళకు పాముకు వేరే పేరు దొరకలేదా సార్?" అంటే, "దొరికింది బేటా. అయినా అది ఏం చేస్తున్నదో దాంతోనే పిలిస్తే తప్పించుకోలేదు" అనేవాడు. ఒక వారం ఆయన అరాన్స్ అనే మాట ఎత్తుకున్నాడు. దున్నుతున్నవాడు. నాచేత రూపాలన్నీ గట్టిగా చెప్పించాడు: అరాన్స్, అరాంటిస్, అరాంటీ, అరాంటెమ్, అరాంటె. ఎక్కువమందైతే అరాంటేస్, వాళ్ళందరిదీ అంటే అరాంటియుమ్. ఒక మెలిక కూడా చూపించాడు. ఆ మాట తానే మనిషిగా నిలబడితే, 'వాడి చేత' అన్నప్పుడు చివర 'ఎ' వస్తుంది. ఇంకో మాటకు ఉత్త విశేషణంగా తగిలిస్తే 'ఈ' వస్తుంది. "మనిషికీ అలంకారానికీ అంతే తేడా, ఒక్క అచ్చు" అన్నాడు. ఆడా మగా అందరికీ ఒకటే రూపమన్నాడు. "పని అయిపోయిందంటే వేరే రూపం. ఫాక్టుమ్, అంటే చేసినది. మనం ఫ్యాక్టు అంటే నిజం అనుకుంటం. మాటల ఉన్నది చేసినది అని మాత్రమే. ఎవరు చేసిన్రో, ఎట్ల చేసిన్రో అది చెప్పదు. కానీ ఈ అరాన్స్ ఉన్నదే, దీంట్ల పని ఎన్నడూ అయిపోదు."

గడప అవతల నేల మీద గొంతుకూర్చుని పోచయ్య అదంతా వింటుండేవాడు. "ఏం మంత్రం చిన్న దొరసాని గది?" అని ఆ రోజు బస్టాండులో అడిగాడు. "దున్నేవాడి పేరు" అన్నాను. "అబ్బో" అని నవ్వి, భార్యవైపు తిరిగి, "ఇన్నవా, నా పేరు ఇంగిలీసుల గంత పొడుగున్నది" అన్నాడు. "పేరు పొడుగైతే పొట్ట నిండుతదా, పద, బస్సచ్చింది" అంది శివమ్మ.

మరుసటి వారానికి కాగితం సిద్ధమైంది. నాది. భూమి నా పేరునే ఉంది కాబట్టి ప్రమాణం చేయాల్సింది నేనే. ముందు రోజు సాయంత్రం బాపు నన్ను పిలిచి, గొంతు తగ్గించి, "పోచయ్య మన జీతగాడు. కౌలు లేదు. అంతే రాసి ఉంటది. సంతకం పెట్టి రా" అన్నాడు. కౌలు కాగితం అంటూ ఎన్నడూ లేదు. మా ఇంట్లో ఎవరికీ కాగితం రాసివ్వరు. మాటే. ఆ మాటను ఇప్పుడు బాపు వెనక్కి తీసుకుంటున్నాడు. "అతను దున్నుతున్నాడు కదా బాపూ" అన్నాను. ఆయన ముక్కుపొడి పీల్చి, రుమాలుతో తుడుచుకుని, "ఎద్దు గూడ దున్నుతది" అన్నాడు. నేను ఇంకేం అనలేదు. భయపడి ఊరుకున్నానని కొందరు అనుకోవచ్చు. భయం కాదు. ఆ మాట నాకు అప్పుడు సబబుగానే తోచింది. ఆ ఇంటి కూతురిని.

నరహరిరావు ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. వేరే ఏ వకీలు దగ్గరా నేను అది చూడలేదు. వరండాలో ఒక నల్లటి షాబాద్ బండ ఉండేది. హలఫ్‌నామా, అంటే అఫిడవిట్ మీద సంతకం పెట్టేవాళ్ళు ఎవరైనా చెప్పులు విప్పి ఆ బండ మీద నిలబడి, కాగితమంతా తెలుగులో, వరండాలో ఉన్నవాళ్ళందరికీ వినపడేట్టు చదవాలి. చదువు రానివాళ్ళకు గుమాస్తా చదివితే వాళ్ళు తిరిగి చెప్పాలి. "కాగితం ఒట్టు పెట్టదు, నోరు పెడ్తది" అనేవాడు. ఎంతవాళ్ళకైనా మినహాయింపు లేదు. అది బాపుకు తెలుసు. తెలిసీ నాతో వాళ్ళిద్దరినే పంపాడు. ఆలోచించలేదనుకోను. ఆయనకు వాళ్ళు అక్కడ ఉండటమూ, అక్కడ కుండ ఉండటమూ ఒకటే.

బండ మీద నిలబడ్డాను. చల్లగా ఉంది. బెంచీ మీద నలుగురైదుగురు కక్షిదారులు, మెట్టు మీద పోచయ్య, శివమ్మ. నేను చదివాను. "పైన చెప్పిన భూమి నా పేరున, నా సొంత సేద్యంలో ఉన్నది. పోచయ్య అను అతడు మా ఇంట జీతగాడు. అతడు ఆ భూమిని ఎన్నడూ కౌలుకు చేసి ఉండలేదు. అతనికి గాని అతని వారసులకు గాని దాని మీద ఏ హక్కూ లేదు." నా గొంతు వణకలేదు. గడీలో పెరిగిన గొంతు, చివరి బెంచీ దాకా పోయింది. శివమ్మ తలెత్తి చూసింది. నరహరిరావు మఫ్లరు సర్దుకుని, నా వైపు చూడకుండా, మెట్టు వైపు తిరిగి అడిగాడు: "ఏం పోచయ్యా, విన్నవా? ఏమన్న చెప్పేదున్నదా?"

పోచయ్య లేచి నిలబడ్డాడు. తలకు కట్టిన రుమాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. "అమ్మ నోట్లెకెల్లి వచ్చినంక నేనేం చెప్త సారూ. దొరసాని సదివిందే నిజం."

"మరి పదహారేండ్లు దున్నిందెవడు?" అంది శివమ్మ. గట్టిగా అనలేదు. ఎవరినో దారి అడిగినట్టు అంది.

"నోరు మూస్కో. నలుగుట్ల ఇజ్జత్ తీస్తవా దొరసానిది" అన్నాడు పోచయ్య.

నా ఇజ్జత్ కాపాడటానికి అతను తన చెలకను ఇచ్చేశాడు. ఆ మాటతో చెలక పోతోందని అతనికి అర్థమైందో లేదో నాకు ఈ రోజుకూ తెలియదు. అర్థమయ్యే అన్నాడని కొన్నిసార్లు అనిపిస్తుంది, అప్పుడు అతని మీద పళ్ళు కొరికేంత కోపం వస్తుంది. నన్నెందుకు కాపాడావు? ఎవరు అడిగారు నిన్ను? ఒక్క మాట అడ్డం చెప్పి ఉంటే గుమాస్తా రాసుకునేవాడు, కేసు నడిచేది, నేను ఓడిపోయేదాన్నో గెలిచేదాన్నో. అతని మర్యాద నాకు ఏ దారీ వదల్లేదు. కానీ ఎక్కువ కోపం వకీలు మీద. ఆ ముసలివాడికి అంతా తెలుసు. తెలిసే అరాన్స్ నేర్పాడు, తెలిసే బండ మీద నిలబెట్టాడు, తెలిసే పోచయ్యను అడిగాడు. కాగితం చించేయటం ఒక్కటే చేయలేదు. పాపం ఏమిటో నాకు రూపాలతో సహా నేర్పి, చేసే పని నాకు వదిలి, తన చేతులు మఫ్లరుకు తుడుచుకున్నాడు. తర్వాత పెన్ను ఇచ్చి, "ఇక్కడ, డెపోనెంట్ అన్నదాని మీద" అన్నాడు. పెట్టాను.

తిరుగు బస్సులో పోచయ్య ఎప్పటిలాగే నిలబడ్డాడు. శివమ్మ నా పక్కన ఖాళీ సీటులో కూర్చుంది. మూట కాళ్ళ దగ్గర పెట్టుకుని ముందుకే చూస్తూ ఊరిదాకా వచ్చింది. తెల్లారి సల్లకు రాలేదు. ఆ తర్వాత ఎన్నడూ రాలేదు. నాయనమ్మ గ్లాసు ముంచుతూ, "పోచని పెండ్లానికి ఏం రోగం?" అని అడిగింది. ఆ ఏడు పచ్చి అనుముల మూట రాలేదు.

దాంతో మేమేమైనా నిలబడ్డామా అంటే, లేదు. జాగా బాపు కోర్టుల్లో పోగొట్టాడు, కొలువు చిన్నమ్మ కొడుకు మూడు నెలలు చేసి మానేశాడు. గడీ అమ్ముడుపోయింది. ఇప్పుడు అందులో ప్లాస్టిక్ డ్రమ్ములు పేర్చి ఉన్నాయి. సల్ల పోసిన వెనక దర్వాజాలోంచి ఆటో ట్రాలీలు పోతాయి. కొలువు కోసం కోస్తానుంచి వచ్చి ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు, గడీ అంటే ఏమిటండీ అని నన్నే అడుగుతారు. గోడౌన్ అని చెబుతాను.

పోచయ్యను ఒకసారి చూశాను. కాలేజీ పిల్లలను ఫ్యాక్టరీ చూపించడానికి తీసుకుపోయిన రోజు. ఊడుగు చెలకలో కట్టిన ఫ్యాక్టరీయే అది. కాంట్రాక్టు కూలీల గుంపులో, బీహారు నుంచి వచ్చిన కుర్రాళ్ళ మధ్య, ముక్కుకు గుడ్డ కట్టుకుని డ్రమ్ము దొర్లిస్తున్నాడు. నన్ను చూసి ముక్కు మీద గుడ్డ, తల మీద రుమాలు రెండూ తీశాడు. "మంచిగున్నరా దొరసాని? ఊడుగు చెట్టు సరింగ గా బాయిలర్ కాడుండె, యాదికున్నదా?" అని, చాలా సంతోషంగా, మా ఇద్దరిదీ ఒకే ఊరని పిల్లలకు తెలియాలన్నట్టు అడిగాడు. గుర్తుందన్నాను. పిల్లల్లో ఒకడు "మేడం, ఎవరాయన?" అన్నాడు. నా దగ్గర రెండు వేల ఏళ్ళనాటి మాట ఒకటి సిద్ధంగా ఉంది. నోట్లోనే ఉండిపోయింది. "మా ఊరాయన" అన్నాను.

స్వరూప వదిలిపోయిన కాగితం నా బల్ల మీద నాలుగు రోజులు ఉంది. ఐదో రోజు ఫోను చేసి రమ్మన్నాను. ఆమె రాసినది పక్కన పెట్టి, నేను తెలుగులో చేత్తో రాసినది ఇచ్చాను. చదువుతూ మధ్యలో ఆగింది.

"మేడం, గీ లైను అక్కర్లేదు. 'నేను ఇంతకు ముందు ప్రమాణం చేసి చదివినది అబద్ధం, అది అబద్ధమని నాకు అప్పుడే తెలుసు' అని మీరు రాస్తే, రేపు ఎవరన్న మీ మీదికి వస్తే? మీకు పరేషాన్ కావద్దనే నేను గట్ల రాసిన."

"నీ రాయితీ నాకు అక్కర్లేదు" అన్నాను. "మీ తాత ఒకసారి ఇచ్చాడు. చాలు."

ఆమె నన్ను కాసేపు చూసింది. లాయరు చూపు అది, మనుమరాలిది కాదు. "సరే. ఎల్లుండి కోర్టు కాడికి రండి."

"మీ నాయనమ్మను తీసుకురా. ఆమె లేకపోతే నేను రాను."

నరహరిరావు ఆఫీసు ఉన్నచోట ఇప్పుడు జిరాక్సు సెంటరు ఉంది. షాబాద్ బండ ఏమైందో ఎవరికీ తెలియదు. నోటరీ కోర్టు గేటు ఎదురుగా రేకుల కింద బల్ల వేసుకుని కూర్చుంటాడు. పక్కనే స్టాంపులు, పాస్‌పోర్టు ఫోటోలు, మిర్చి బజ్జీలు. ప్లాస్టిక్ కుర్చీలో శివమ్మ కూర్చుని ఉంది. ఎండిపోయి చిన్నదైంది, కళ్ళు మాత్రం అవే. నన్ను చూసి లేవలేదు. నేను ఆమె ముందు నిలబడి ఉన్నాను, ఆమె కూర్చుని ఉంది, ఇద్దరికీ అది తెలుస్తోంది. నోటరీ కాగితం చూడకుండానే ముద్ర తీసి, "ఈడ సైన్ చేయండి మేడం" అన్నాడు.

"ముందు చదవాలి."

"మీరు ఇంట్ల చదువుకునే ఉంటరు గద."

"నాకోసం కాదు" అని చెప్పులు విప్పాను. సిమెంటు నేల కాలుతోంది. నోటరీ తన గుమాస్తా వైపు వంగి, పెదవులు కదిలీ కదలకుండా, "ముసలోళ్ళతోని ఇదే లొల్లి" అని గొణిగాడు. పక్కనే ఉన్న నాకే కష్టంగా వినపడింది. శివమ్మ తల తిప్పి, "ముసలోళ్ళకు గూడ చెవులున్నయి నాయినా, నీ పని నువ్ చేస్కో" అంది. అతను ముద్రను పక్కన పెట్టాడు.

చదివాను. ఊడుగు చెలకను పోచయ్య, ఆయన భార్య శివమ్మ పదహారేళ్ళు కౌలుకు దున్నారని, అతను మా జీతగాడు కాడని, నేను ఇంతకు ముందు చదివినది అబద్ధమని, తెలిసే చదివానని. లారీ హారన్లు, బజ్జీలవాడి కేకలు, ఎవరూ తిరిగి చూడలేదు. అబద్ధం చదివినప్పుడు వరండా అంతా విన్నది. నిజం చదివేటప్పుడు ఒక్క బెంచీ కూడా లేదు. గొంతు పెంచకుండానే చివరిదాకా చదివి, పెన్ను కోసం చేయి చాపాను.

"ఏం వినవడలే" అంది శివమ్మ.

స్వరూప వంగి, "నాయనమ్మా, మొత్తం చదివిన్రు, నేను చెప్త" అంది.

"నువ్ కాదు." ఆమె కుర్చీలో వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా ముఖంలోకి చూసింది. దొరసాని అనలేదు. మేడం అనలేదు. "మల్ల సదువు. మొదలుకెల్లి. గా పొద్దు సదివినంత గట్టిగ సదువు."

నోటరీ గడియారం చూసుకున్నాడు. నేను పెన్ను బల్ల మీద పెట్టి, కాగితం ఎత్తి, మొదటి వాక్యం దగ్గరికి వెళ్ళాను.